పది మీటర్ల ఎయిర్ పిస్టల్: ఎంపిక నుంచి తొలి పోటీ దాకా

పిస్టల్ షూటింగ్ నేర్చుకోవాలని వచ్చేవారిలో ఎక్కువమంది మొదట అడిగేది ఏ కంపెనీ పిస్టల్ కొనాలని. పోటీలకు పనికొచ్చే పిస్టళ్లలో స్టెయిర్, వాల్తర్, మొరీని, పార్దీని, ఫైన్‌వెర్క్‌బావ్ వంటి పేర్లు ఎవరిని అడిగినా చెబుతారు. వీటిలో దేనిని యంత్రానికి బిగించి కాల్చినా పది మీటర్ల దూరంలో పెల్లెట్లన్నీ (పిస్టల్‌లో పెట్టే చిన్న సీసపు గుళ్లు) దాదాపు ఒకే రంధ్రంలోంచి పోతాయి. అందువల్ల కొత్తగా మొదలుపెట్టే షూటరుకు మార్కులు పోయేది పిస్టల్ వల్ల కాదు. గ్రిప్, అంటే పిస్టల్ పిడి, చేతికి సరిపోకపోవడం వల్ల, ట్రిగ్గర్ సరిగ్గా అమర్చుకోకపోవడం వల్ల, కన్ను చూడవలసిన చోట చూడకపోవడం వల్ల పోతాయి. ఈ మార్గదర్శి ఆ మూడింటి చుట్టూనే నడుస్తుంది.

ముందుగా తేల్చుకోవలసిన విషయం

క్రీడ కోసం వాడే పిస్టల్ వేరు, ఆత్మరక్షణ కోసం వెంట ఉంచుకునే పిస్టల్ వేరు. మన దేశంలో రెండోది 1959 నాటి ఆయుధాల చట్టం కింద లైసెన్సు పొందినవారికి మాత్రమే సంబంధించినది. పైగా నడుముకు పెట్టుకునేందుకు వీలుగా తయారైన ఆ పిస్టళ్లకు బ్యారెల్ పొట్టిగా, ట్రిగ్గర్ బరువుగా, గురి చూసేందుకు ఉండే సైట్లు చిన్నవిగా ఉంటాయి కాబట్టి గురి నేర్చుకోవడానికి అవి అనువైనవి కావు. నేర్చుకోవడానికి సరైనది 4.5 మిల్లీమీటర్ల ఎయిర్ పిస్టల్. దాని నుంచి వెలువడే పెల్లెట్ శక్తి సుమారు 6 జౌళ్లు మాత్రమే. 2016 నాటి ఆయుధాల నిబంధనలు ఎయిర్ గన్నులకు పెట్టిన 20 జౌళ్ల హద్దుకు అది చాలా తక్కువ కాబట్టి సాధారణంగా దీనికి ఆయుధ లైసెన్సు అడగరు. అయినప్పటికీ కొన్న బిల్లును, గుర్తింపు పత్రం నకలును, రైఫిల్ అసోసియేషన్ సభ్యత్వ కార్డును పిస్టల్ పెట్టెలోనే ఉంచుకోవడం మంచిది. బస్సులో గానీ రైలులో గానీ తనిఖీ జరిగినప్పుడు ఆ మూడు కాగితాలు ఉంటే ఎక్కువ మాటలు అవసరం పడవు.

కొనడానికి ముందు కనీసం కొన్ని వారాలపాటు ఏదైనా రేంజ్‌లో, అక్కడి పిస్టల్‌తోనే, కోచ్ పర్యవేక్షణలో సాధన చేయాలి. హైదరాబాద్‌లో అయితే గచ్చిబౌలిలోని కేంద్రీయ విశ్వవిద్యాలయ ప్రాంగణంలో ప్రభుత్వ షూటింగ్ రేంజ్ ఉంది. ఇప్పుడు పది మీటర్ల వసతి ఉన్న ప్రైవేటు అకాడమీలు చాలా పట్టణాలకు వచ్చాయి. హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 2018లో తిరువనంతపురంలో జరిగిన జాతీయ పోటీల్లో పదమూడేళ్ల వయసులోనే మను భాకర్, హీనా సిద్ధూ వంటి వారిని దాటి సీనియర్ విభాగంలో స్వర్ణం గెలిచిన తర్వాత, ఈ క్రీడ కోసం పిల్లలను తీసుకువచ్చే తల్లిదండ్రులు మన ప్రాంతంలో బాగా పెరిగారు. వారికి ఒక్క మాట చెప్పాలి. తొలి నెలలోనే లక్ష రూపాయలు దాటే దిగుమతి పిస్టల్ కొనడం వల్ల పిల్లవాడి మీద ఒత్తిడి పెరుగుతుందే తప్ప స్కోరు పెరగదు.

పిస్టల్‌ను ఎంచుకోవడం

అంతర్జాతీయ నిబంధనల ప్రకారం ఎయిర్ పిస్టల్ బరువు 1500 గ్రాములు మించకూడదు, ట్రిగ్గర్ బరువు 500 గ్రాములకు తగ్గకూడదు, మొత్తం పిస్టల్ 420, 200, 50 మిల్లీమీటర్ల కొలతలున్న పెట్టెలో పట్టాలి. టెలిస్కోపు, లేజర్ వంటివేవీ ఉండకూడదు. తెరిచి ఉన్న ఇనుప సైట్లు మాత్రమే ఉండాలి. పేరున్న కంపెనీలు పోటీల కోసం చేసే మోడళ్లన్నీ ఈ హద్దుల్లోనే తయారవుతాయి కాబట్టి కొనేవారు వీటి గురించి ఎక్కువగా ఆలోచించనవసరం లేదు. వాటి బరువు 900 నుంచి 1000 గ్రాముల దాకా ఉంటుంది. పన్నెండు, పదమూడేళ్ల పిల్లలకు, సన్నని మణికట్టు ఉన్నవారికి అదే కంపెనీల కాంపాక్ట్ మోడళ్లు నయం. బ్యారెల్, గాలి నింపే సిలిండర్ రెండూ పొట్టివి కావడంతో ముందువైపు బరువు తగ్గి, సాధన చివరి అరగంటలో భుజం వణకడం తగ్గుతుంది.

అన్నిటికంటే ముఖ్యమైనది గ్రిప్. పిస్టల్‌ను ఎడమ చేత్తో బ్యారెల్ దగ్గర పట్టుకుని, కుడి చేతి బొటనవేలికి చూపుడు వేలికి మధ్య ఉన్న చర్మపు మడతలోకి వీలైనంత పైకి నెట్టి కూర్చోబెట్టాలి. అప్పుడు చూపుడు వేలు చెక్కకు ఎక్కడా తగలకుండా గాలిలోనే ట్రిగ్గర్‌ను చేరుకోవాలి. వేలి పక్కభాగం చెక్కకు ఆనుతూ ఉంటే ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ బ్యారెల్ కొసన ఉండే ఫ్రంట్ సైట్ ఒక పక్కకు జరుగుతుంది. ఆ తర్వాత కళ్లు మూసుకుని చేతిని ఎత్తి గురి పెట్టే భంగిమలో నిలిపి కళ్లు తెరవాలి. ఫ్రంట్ సైట్, కంటివైపు ఉండే రియర్ సైట్ గాడి మధ్యలోనే కనిపిస్తే గ్రిప్ సరిపోయినట్టు. ప్రతిసారీ ఎడమవైపో కుడివైపో కనిపిస్తుంటే, మణికట్టును తిప్పి సరిచేయడానికి ప్రయత్నించకుండా గ్రిప్ కోణాన్నే సరిచేయాలి. మణికట్టుతో చేసే సవరణ ఇరవయ్యో షాటు వరకు నిలుస్తుంది, అరవయ్యో షాటు వరకు నిలవదు.

గ్రిప్‌లు చిన్న, మధ్య, పెద్ద సైజుల్లో వస్తాయి. రెండింటి మధ్య సందేహం కలిగితే పెద్దదే తీసుకోవాలని నా అభిప్రాయం, ఎందుకంటే చెక్కను ఆకురాయితో అరగదీయడం సులువు. చెక్క తక్కువైన చోట రేంజుల్లో అందరూ వాడేది ఎం-సీల్ లాంటి పుట్టీయే. అరచేతి గుంటలో ఖాళీ ఉన్నచోట కొద్దిగా పెట్టి, చేతికి పలుచని ప్లాస్టిక్ కవరు తొడుక్కుని, గురిపెట్టే భంగిమలోనే పట్టుకుని అచ్చు పడనివ్వాలి. ఆరిన తర్వాత గరుకు కాగితంతో రుద్దాలి. ఒకేరోజు అంతా సవరించేయకుండా, ఒక మార్పు చేసి వారం రోజులు దానితో కాల్చి చూసిన తర్వాతే ఇంకో మార్పుకు వెళ్లాలి. గ్రిప్ ఏ భాగమూ మణికట్టుకు ఆసరా ఇచ్చేలా పెరగకూడదని, చేతిని చుట్టుకునేలా ఉండకూడదని నిబంధన ఉన్న సంగతి కూడా మరచిపోకూడదు.

రెండో ముఖ్యమైనది ట్రిగ్గర్. పోటీ పిస్టళ్లకు రెండు దశల ట్రిగ్గర్ ఉంటుంది. మొదటి దశలో వేలు కొంత దూరం మెత్తగా వెళ్లి ఒక గోడకు తగిలినట్టు ఆగుతుంది. ఆ గోడ దాటడమే రెండో దశ. మొత్తం బరువులో ఎక్కువ భాగాన్ని, దాదాపు 400 గ్రాములను, మొదటి దశకే ఇస్తే చివరికి మిగిలే ఒత్తిడి తక్కువగా, తెలియకుండానే షాటు పోయేలా ఉంటుంది. కొత్తవారికి మాత్రం రెండో దశలో ఇంకొంచెం స్పష్టమైన గోడ తెలియాలి. మొత్తాన్ని సరిగ్గా 500 దగ్గర పెట్టుకోవడం తెలివైన పని కాదు. బ్యారెల్‌ను నిటారుగా పైకి పెట్టి తూకపు గుండును ట్రిగ్గర్‌తో ఎత్తి చూసే పరీక్షలో కొద్ది గ్రాముల తేడాతో తప్పితే పోటీకి ముందే కంగారు పడాలి. 510 నుంచి 520 మధ్య ఉంచుకుంటే ప్రశాంతంగా ఉంటుంది.

సెకండ్ హ్యాండ్ పిస్టల్ కొనడంలో తప్పేమీ లేదు, నిజానికి తొలి పిస్టల్‌గా అదే మేలు. అయితే సిలిండర్ మీద ముద్రించిన తయారీ తేదీని తప్పక చూడాలి. తయారీదారులు సిలిండర్‌కు ఇచ్చే వాడుక గడువు సాధారణంగా పదేళ్లు. ఆ గడువు దాటి ఉంటే పిస్టల్ ధరలో కొత్త సిలిండర్ ఖర్చు తీసివేసి బేరమాడాలి. సిలిండర్‌ను నింపి ఒక రాత్రి వదిలేసి, తెల్లవారి మీటరు ముల్లు దిగిందేమో చూస్తే సీళ్ల సంగతి తెలిసిపోతుంది.

గాలి, పెల్లెట్లు, అద్దాలు

సిలిండర్‌ను 200 బార్ పీడనం దాకా నింపుతారు. మోడల్‌ను బట్టి ఒకసారి నింపితే సుమారు 150 నుంచి 200 షాట్లు వస్తాయి. నింపవలసింది తేమ లేని మామూలు గాలితోనే. ఆక్సిజన్ సిలిండర్ దొరికింది కదా అని దానితో ఎన్నడూ నింపకూడదు. అధిక పీడనంలో ఆక్సిజన్, లోపలి గ్రీజు కలిస్తే పేలుడు జరుగుతుంది. విశాఖ, కాకినాడ వంటి తేమ ఎక్కువగా ఉండే ఊళ్లలో చేతిపంపు వాడేవారు తేమను పీల్చే ఫిల్టర్ పెట్టుకోవాలి. నింపిన సిలిండర్‌ను మే నెల ఎండలో నిలిపిన కారులో వదిలి వెళ్లకూడదు.

పెల్లెట్లు ముందుభాగం చదునుగా ఉన్నవే కావాలి, అవే కాగితంలో గుండ్రంగా రంధ్రం చేస్తాయి. పిస్టల్‌కు అర గ్రాము అటూఇటూ బరువున్నవి చాలు. కొత్తవారు 4.49, 4.50 సైజుల తేడా గురించి చేసే చర్చ కాలక్షేపమే. పెల్లెట్లు సీసంతో చేసినవి కాబట్టి, ముఖ్యంగా పిల్లలు, సాధన తర్వాత సబ్బుతో చేతులు కడుక్కోకుండా ఏమీ తినకూడదు.

దృష్టిదోషం ఉన్నవారు కళ్ల డాక్టరు దగ్గరకు వెళ్లినప్పుడు, చాచిన చేతిలోని పిస్టల్ చివర ఉన్న ఫ్రంట్ సైట్ స్పష్టంగా కనిపించాలని చెప్పాలి. దూరపు చూపు కోసం ఇచ్చిన అద్దాలతో టార్గెట్ చక్కగా కనిపిస్తుంది, సైట్ మసకగా కనిపిస్తుంది. మనకు కావలసింది దానికి సరిగ్గా వ్యతిరేకం. ఖరీదైన షూటింగ్ ఫ్రేము లేనంత మాత్రాన నష్టం లేదు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో తుర్కియే షూటర్ యూసుఫ్ డికెచ్ మామూలు కళ్లజోడుతో, ఒక చేయి జేబులో పెట్టుకుని మిక్స్‌డ్ టీమ్ రజతం గెలిచిన ఫొటో ప్రపంచమంతా చూసింది. జేబులో చేయి ధీమా కోసం పెట్టినది కాదు, ఆ చేయి కదిలితే శరీరం కదులుతుంది కాబట్టి షూటర్లందరూ దాన్ని జేబులోనో బెల్టులోనో బంధించి ఉంచుతారు. బూట్లు చీలమండ ఎముకను కప్పనివి, అడుగు చదునుగా ఉన్నవి కావాలి.

భద్రత

ఎయిర్ పిస్టల్ బొమ్మ కాదు, దగ్గరనుంచి తగిలితే కన్ను పోతుంది. బ్యారెల్ ఎప్పుడూ టార్గెట్ వైపే ఉండాలి. గురి పెట్టేదాకా వేలు ట్రిగ్గర్ బయటే ఉండాలి. కాల్చని ప్రతి క్షణం, పెల్లెట్ పెట్టేందుకు ఉండే లోడింగ్ లివర్ తెరిచి, బ్యారెల్‌లో రంగు సేఫ్టీ ఫ్లాగ్ పెట్టి ఉండాలి. ఎవరైనా టార్గెట్ వైపు నడుస్తున్నప్పుడు పిస్టల్‌ను ముట్టుకోకూడదు. ఇంట్లో సాధన చేసేవారు పెల్లెట్ల డబ్బాను వేరే గదిలో, పిల్లలకు అందకుండా తాళం వేసి ఉంచి, ఆ తర్వాతే పిస్టల్ బయటికి తీయాలి.

నిలబడటం

ఈ భాగం, ఇక్కడినుంచి చెప్పేదంతా కుడిచేతివారిని ఉద్దేశించినది. పాదాలు భుజాల వెడల్పున, శరీరం దాదాపు పక్కకు తిరిగి, బరువు రెండు కాళ్ల మీద సమానంగా ఉండాలి. తల నిటారుగా ఉంచి, పిస్టల్‌ను కంటి దగ్గరకు తేవాలే గానీ తలను పిస్టల్ వైపు వంచకూడదు. ఇప్పుడు కళ్లు మూసుకుని చేయి ఎత్తి, రెండు ఊపిరులు తీసి, కళ్లు తెరవాలి. పిస్టల్ టార్గెట్‌కు ఎడమవైపు చూపిస్తుంటే చేతిని జరపకుండా, వెనుక పాదాన్ని కొద్దిగా జరిపి శరీరం మొత్తాన్ని తిప్పాలి. చేయి తనంతట తాను టార్గెట్ కిందికి వచ్చి నిలిచేదాకా ఇలా చేస్తూ ఉండాలి. సరైన స్థానం దొరికాక నేల మీద సుద్దముక్కతో పాదాల గుర్తులు గీసుకుంటే మధ్యలో కదిలినా తిరిగి అక్కడికే రావచ్చు.

సైట్లు: అసలు లెక్క ఇక్కడే

టార్గెట్‌లో పది వలయం వ్యాసం 11.5 మిల్లీమీటర్లు, ఆ తర్వాత ఒక్కో వలయానికి 16 మిల్లీమీటర్లు పెరుగుతుంది. పెల్లెట్ అంచు వలయాన్ని తాకినా పై మార్కే ఇస్తారు కాబట్టి పెల్లెట్ మధ్యబిందువు టార్గెట్ కేంద్రం నుంచి 8 మిల్లీమీటర్ల లోపు ఉంటే పది వచ్చినట్టే.

ఇప్పుడు రెండు రకాల తప్పులను పోల్చి చూద్దాం. మొదటిది, సైట్లు రెండూ సరిగ్గా కలిసి ఉన్నాయి, కానీ చేయి మొత్తంగా 5 మిల్లీమీటర్లు పక్కకు ఊగింది. పెల్లెట్ కూడా 5 మిల్లీమీటర్లే పక్కకు పోతుంది, పది తప్పదు. రెండోది, చేయి రాయిలా నిలిచింది, కానీ రియర్ సైట్ గాడిలో ఫ్రంట్ సైట్ ఒక్క మిల్లీమీటరు పక్కకు ఒరిగింది. రెండు సైట్ల మధ్య దూరం దాదాపు 33 సెంటీమీటర్లు అనుకుంటే, పది మీటర్ల దూరంలో ఆ తప్పు సుమారు 30 రెట్లు అవుతుంది. పెల్లెట్ 30 మిల్లీమీటర్లు పక్కకు పోయి, వచ్చేది ఏడు. అంటే పది దక్కాలంటే సైట్ల అమరికలో దొరికే వెసులుబాటు పావు మిల్లీమీటరు కంటే కాస్త ఎక్కువ మాత్రమే.

కొత్త షూటరు సాధారణంగా చేసేది దీనికి వ్యతిరేకం. చేయి ఊగుతోందని భయపడి, నల్లని వృత్తం మీదనే కన్ను పెట్టి, పిస్టల్ సరిగ్గా మధ్యకు వచ్చిన క్షణంలో ట్రిగ్గర్‌ను లాగేస్తాడు. ఆ లాగడంలో ఫ్రంట్ సైట్ గాడిలో ఒరుగుతుంది, అది కంటికి కనిపించదు, ఎందుకంటే కన్ను దానిమీద లేదు. అందువల్ల నేర్చుకోవలసినది ఇది: కన్ను ఫ్రంట్ సైట్ పైఅంచు మీద ఉండాలి, దాని రెండువైపులా వెలుగు గీతలు సమానంగా ఉండాలి, టార్గెట్ మసకగా ఉన్నా పట్టించుకోకూడదు, చేయి ఊగుతుంటే ఊగనివ్వాలి. గురి పెట్టే చోటు కూడా నల్లని వృత్తం మధ్య కాదు. నలుపు మీద నల్లని సైట్ కనిపించదు కనుక, వృత్తానికి కింద కొంత తెల్లని భాగం వదిలి అక్కడ నిలపాలి. రియర్ సైట్‌ను తగినంత సవరించుకుంటే పెల్లెట్ మధ్యలోకే వెళుతుంది. పెల్లెట్లు ఎటు వెళ్లాలని కోరుకుంటామో రియర్ సైట్‌ను అటే జరపాలి. సైట్ మరల మీద ఉండే అక్షరాల అర్థం కంపెనీని బట్టి మారుతుంది కాబట్టి ఆ పిస్టల్‌తో వచ్చిన పుస్తకం చూడక తప్పదు. ఒక్క షాటు చూసి కాకుండా, అయిదారు షాట్ల గుంపు మొత్తం ఒకవైపు పడితేనే సైట్ తిప్పాలి.

ఒక షాటు మొదటినుంచి చివరిదాకా

పెల్లెట్ పెట్టి, గ్రిప్‌ను కూర్చోబెట్టి, రెండు మూడు నిదానమైన ఊపిరులు తీయాలి. పట్టు గట్టిగా కరచాలనం చేసినంత ఉంటే చాలు. ఒత్తిడి మధ్య వేళ్లతో సూటిగా వెనక్కి ఉండాలి, బొటనవేలు, చిటికెనవేలు ఊరికే ఆనుకుని ఉండాలి. ఊపిరి పీలుస్తూ చేతిని టార్గెట్ పైదాకా ఎత్తి, సగం ఊపిరి వదులుతూ నెమ్మదిగా దించుతున్నప్పుడే ట్రిగ్గర్ మొదటి దశను తీసేసుకోవాలి. పిస్టల్ గురి ప్రాంతానికి చేరి నిలదొక్కుకోగానే రెండో దశ మీద ఒత్తిడిని ఆపకుండా, తొందరపడకుండా పెంచుతూ పోవాలి. వేలి మొదటి కణుపు మెత్తని భాగం మాత్రమే ట్రిగ్గర్‌ను తాకాలి, దాని కదలిక సూటిగా వెనక్కి ఉండాలి.

నిలదొక్కుకున్న తర్వాత అయిదు నుంచి ఎనిమిది సెకన్లలో షాటు పోవాలి. పది సెకన్లు దాటితే కంటికి ఫ్రంట్ సైట్ మసకబారుతుంది, చేతికి వణుకు పెరుగుతుంది. అప్పుడు కాల్చకుండా దించేయాలి. చెప్పినంత తేలిక కాదిది. ఎత్తిన చేయిని ఖాళీగా దించడం ఓటమిలా అనిపిస్తుంది. కానీ స్కోరు కాగితాల్లో కనిపించే ఏడులలో చాలా భాగం దించవలసిన చోట దించకపోవడం వల్ల వచ్చినవే.

షాటు పోయిన తర్వాత కూడా ఒకటి రెండు సెకన్లు ట్రిగ్గర్‌ను అలాగే పట్టి, ఫ్రంట్ సైట్‌నే చూస్తూ ఉండాలి. మానిటర్ వైపు చూసేముందు పెల్లెట్ ఎక్కడ పడి ఉంటుందో మనసులో చెప్పుకోవాలి. "తొమ్మిది, కుడివైపు కింద" అనుకున్నప్పుడు నిజంగా అక్కడే పడితే, షూటరు తన సైట్లను చూస్తున్నట్టు లెక్క. ఈ అంచనాలు పదే పదే తప్పుతుంటే ఇంకా టార్గెట్‌నే చూస్తున్నాడని అర్థం.

సాధన

పోటీ ఎయిర్ పిస్టళ్లకు గాలి, పెల్లెట్ లేకుండా ట్రిగ్గర్ మాత్రమే పనిచేసే డ్రై ఫైర్ మీట ఉంటుంది. ఇంట్లో తెల్లని ఖాళీ గోడకు ఎదురుగా నిలబడి, టార్గెట్ లేకుండా డ్రై ఫైర్ చేయడం ఈ క్రీడలో అన్నిటికంటే చవకైన, అన్నిటికంటే లాభదాయకమైన సాధన. గోడ మీద గురి పెట్టడానికి ఏమీ ఉండదు కాబట్టి కన్ను సైట్ల మీదే ఉంటుంది, ట్రిగ్గర్ పడిన క్షణంలో ఫ్రంట్ సైట్ కదిలిందో లేదో స్పష్టంగా తెలుస్తుంది. రోజుకు ఇరవై నిమిషాలు ఇలా చేసేవారు వారానికి మూడుసార్లు రేంజ్‌కు వచ్చి వందలకొద్దీ పెల్లెట్లు కాల్చేవారికంటే త్వరగా ఎదుగుతారు. దీనితోపాటు పిస్టల్‌ను గురి మీద అరనిమిషం నిలిపి, ఒక నిమిషం విశ్రాంతి తీసుకునే అభ్యాసం భుజానికి బలం ఇస్తుంది. చేయి నొప్పి పుడితే ఆపేయాలి, భుజం కండరం దెబ్బతింటే నెలలు పోతాయి.

పోటీ రోజు

ముందుగా పరికరాల తనిఖీలో పిస్టల్, బూట్లు చూపించి ముద్ర వేయించుకోవాలి. గురి పెట్టే చేతికి గడియారం, మణికట్టు పట్టీ ఉండకూడదు. ఎలక్ట్రానిక్ టార్గెట్ల మీద మొదట 15 నిమిషాలు సన్నద్ధతకు, లెక్కలోకి రాని షాట్లకు ఇస్తారు. ఆ తర్వాత 75 నిమిషాల్లో 60 షాట్లు కాల్చాలి. గరిష్ఠ స్కోరు 600. దక్షిణ కొరియా షూటర్ జిన్ జోంగ్ ఓ 2009లో 594 చేశాడు, అంటే అరవై షాట్లలో ఆరు మార్కులే వదిలాడు. తొలి పోటీలో 520 చేసినవారు సంతోషంగా ఇంటికి వెళ్లవచ్చు.

సమయం సరిపోదేమోనన్న భయం అనవసరం. సగటున షాటుకు 75 సెకన్లు ఉన్నాయి, మధ్యలో రెండుసార్లు కూర్చుని నీళ్లు తాగినా మిగులుతుంది. ఒక చెడు షాటు పడగానే వెంటనే దాన్ని సరిచేయాలని ఇంకొకటి కాల్చడమే పెద్ద ప్రమాదం. పెల్లెట్ పెట్టడం మరిచిపోయి గాలి వదిలినా, పోటీ మొదలైన తర్వాత అయితే అది సున్నా; ఆత్రంలో ఇది ఎవరికైనా జరుగుతుంది. పిస్టల్ మొరాయిస్తే ఏమి చేయాలో కూడా ముందే తెలిసి ఉండాలి. టోక్యో ఒలింపిక్స్ క్వాలిఫికేషన్‌లో మను భాకర్ పిస్టల్‌లో లోపం తలెత్తి విలువైన నిమిషాలు పోయాయి, 575తో ఆమె పన్నెండో స్థానంలో ఆగింది. అలాంటప్పుడు సొంతంగా విప్పడం మొదలుపెట్టకుండా, బ్యారెల్‌ను టార్గెట్ వైపే ఉంచి చేయెత్తి రేంజ్ అధికారిని పిలవాలి. నిండుగా ఉన్న మరో సిలిండర్, అలెన్ కీలు, ట్రిగ్గర్ బ్యాటరీతో పనిచేసే మోడల్ అయితే కొత్త బ్యాటరీ సంచిలో ఉండాలి. అదే మను భాకర్ మూడేళ్ల తర్వాత పారిస్‌లో ఇదే పది మీటర్ల విభాగంలో కాంస్యం గెలిచింది.

తర్వాతి మెట్టు

జిల్లా, రాష్ట్ర పోటీల్లో కనీస అర్హత స్కోరు చేసినవారు దక్షిణ మండల పోటీలకు గానీ జి.వి. మావలంకర్ పోటీలకు గానీ వెళ్లి, అక్కడినుంచి జాతీయ పోటీలకు చేరతారు. కనీస స్కోర్లు వయసు విభాగాన్ని బట్టి, ఏడాదిని బట్టి మారుతుంటాయి కాబట్టి ఆ ఏడాది జాతీయ రైఫిల్ అసోసియేషన్ విడుదల చేసిన నియమాలనే చూడాలి.

పది మీటర్లలో నిలకడగా 560 దాటుతున్నప్పుడు 25 మీటర్ల స్పోర్ట్ పిస్టల్ గురించి ఆలోచించవచ్చు. అది పాయింట్ 22 తూటాలు వాడే అసలైన ఆయుధం, ట్రిగ్గర్ కనీస బరువు 1000 గ్రాములు. అందులో ముప్పై షాట్లు నిదానంగా కాల్చేవి. మిగతా ముప్పై, చేతిని కిందికి దించి ఉంచి, టార్గెట్ కనిపించే మూడు సెకన్లలోనే ఎత్తి కాల్చేవి. దానికి లైసెన్సు తప్పనిసరి. 21 ఏళ్లు నిండనివారు సొంతంగా ఉంచుకునేందుకు చట్టం సాధారణంగా ఒప్పుకోదు, రేంజ్‌లో పర్యవేక్షణలో సాధన చేయడానికి జూనియర్ షూటర్లకు నిబంధనల్లో వీలు ఉంది. లైసెన్సుకు దరఖాస్తు పెట్టేటప్పుడు పోటీల్లో వచ్చిన స్కోరు పత్రాలు, అసోసియేషన్ సిఫారసు లేఖ జతచేయాలి. పోలీసు విచారణ పూర్తయ్యేసరికి నెలలు పడుతుంది కనుక, ఆ దరఖాస్తును వచ్చే సీజన్ కోసం ఈ సీజన్‌లోనే పెట్టుకోవాలి.